ఆట నడిపేవాళ్ళకు ఆట మీద విసుగొస్తే

శనివారం సాయంత్రం నాలుగింటికి వాట్సాప్ గ్రూపులో "సారీ రా, ఇవాళ రాలేను, ఆఫీసులో రిలీజ్ ఉంది" అని ఒకరి మెసేజ్. ఐదు నిమిషాలకు ఇంకొకరు "నాకూ డౌటే" అంటారు. నలుగురు లేకపోతే ఆట లేదు. "అయ్యో, పర్లేదు, వచ్చే వారం చూద్దాం" అని మీరు టైపు చేస్తారు. చేస్తున్నంతసేపూ లోపల ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఎప్పుడో ఒకసారి ఇలా అనిపించడం మామూలే. ఆట రద్దయిన వారమే మంచి వారంగా గడుస్తోందంటే మాత్రం ఈ అధ్యాయం మీ కోసం.

రోల్‌ప్లేయింగ్ ఆటలు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు దొంగ, ఒకరు మాంత్రికురాలు, ఒకరు గొడ్డలి వీరుడు. "నేను తలుపు వెనకాల నక్కి వింటాను" అంటారు, పాచిక వేస్తారు. మిగిలిన ఒక్కరు మాత్రం తలుపు, తలుపు అవతల గుసగుసలాడే ఇద్దరు కాపలావాళ్ళు, ఆ కోట, కోట బయట కురిసే వాన, వేసిన పాచికకు ఫలితం, అన్నీ తామే అయి నడుపుతారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆ మనిషిని డంజియన్ మాస్టర్ అంటారు, మిగతా ఆటల్లో గేమ్ మాస్టర్. మనం జీఎం అనుకుందాం.

విసుగు మొదలవగానే జీఎంలు తప్పు తమలోనే ఉందనుకుంటారు. "నా ఊహ అయిపోయింది, నా దగ్గర ఇంక సరుకు లేదు" అని. సరుకు ఎక్కడికీ పోదు. ఆట ఆడించి అలిసిపోయిన జీఎంలు అరుదు. ఆటకు ముందూ వెనకా ఉన్న చాకిరీతో అలిసిపోయినవాళ్ళే ఎక్కువ, అందులో సగం వాళ్ళను ఎవరూ అడగని చాకిరీ. పెళ్ళిలో వంటల దగ్గర నిలబడి పది పంక్తులకు వడ్డించినవాడికి, తన విస్తరి ముందు కూర్చునే వేళకి ఆకలి చచ్చిపోతుంది. ఏ పని మీ ఆకలిని చంపుతోందో కనుక్కోవడం, దాన్ని ఇంకొకరికి అప్పజెప్పడమో మానెయ్యడమో చెయ్యడం. ఈ అధ్యాయంలో చెప్పేది అంతే.

1974లో రెండు సంగతులు

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరివాడు గ్యారీ గైగాక్స్, మిన్నెసోటావాడు డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయింది. తొలి ముద్రణ వెయ్యి పెట్టెలు. అదే ఏడాది న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు బర్నౌట్ గురించి తన వ్యాసం ప్రచురించాడు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయితే ఫ్రాయిడెన్‌బర్గర్ ఎవరిని చూసి ఆ వ్యాసం రాశాడన్నది మనకు పనికొస్తుంది. ఆయన తన ప్రాక్టీసు చూసుకుంటూనే ఒక ఉచిత క్లినిక్‌లో కూడా పనిచేసేవాడు. అక్కడ ఉన్నవాళ్ళలో చాలామంది వాలంటీర్లు. జీతం కోసం వచ్చినవాళ్ళు కారు, పని మీద ప్రేమతో వచ్చినవాళ్ళు. కొన్నాళ్ళకు ఆ ప్రేమ ఉన్నవాళ్ళే చిరచిరలాడుతూ, నీరసపడి, తామెందుకు వచ్చారో మర్చిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఆయనా ఆ దారినే పడ్డాడు. "సరదాగా ఆడుకునే ఆటకి అలసటేంటి నాయనా" అని ఇంట్లోవాళ్ళు అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఇంతకన్నా మంచి జవాబు ఉండదు.

బర్నౌట్‌ను కొలవడానికి క్రిస్టినా మాస్లాక్, సూజన్ జాక్సన్ 1981లో ఒక ప్రశ్నావళి ఇచ్చారు. అందులో చూసేవి మూడు: శక్తి అడుగంటడం, ఎదుటి మనుషుల పట్ల మనసు మొద్దుబారడం, చేసే పనికి విలువ లేదనిపించడం. నర్సుల్లాంటి, టీచర్లలాంటి వాళ్ళ కోసం ఆలోచించిన లక్షణాలే అయినా ఆట బల్ల దగ్గర అచ్చంగా కనిపిస్తాయి. మొదటిది మీకే తెలిసిపోతుంది. గురువారం నుంచే శనివారం బరువు మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌లో మ్యాపు తెరిచి పెట్టుకుని, ఫోన్‌లో రీల్స్ చూస్తూ రెండు గంటలు గడిపేస్తారు. మూడోది కూడా దాగదు. సెషన్ అయ్యాక అందరూ "సూపర్ బ్రో" అంటే, మొహమాటానికి అంటున్నారనిపిస్తుంది.

పట్టుకోవడం కష్టమైనది రెండోది. ఆటగాళ్ళలో ఒకరు తెలివైన ఉపాయం వేస్తే ఇదివరకు అందరికన్నా ముందు మీరే ఎగిరి గంతేసేవారు. ఇప్పుడు వాళ్ళు మాట పూర్తి చెయ్యకముందే "అది కుదరదు" అనేస్తారు. వాళ్ళ పాత్రల పేర్లు నోటికి రావు. ఒక్క డ్రాగన్‌ను దింపి మొత్తం పార్టీని ఊడ్చేస్తే వారాల తరబడి సాగుతున్న ఈ క్యాంపెయిన్ పీడ విరగడవుతుందన్న ఊహ వారం మధ్యలో, బస్సులోనో ట్రాఫిక్‌లోనో ఊరటలా వచ్చిపోతుంది. ఈ ఊహ వచ్చినవాళ్ళు దుర్మార్గులేం కారు. కాకపోతే ఇంక వాయిదా వెయ్యకూడదు. ఈ స్థితిలో నడిపిన రెండు మూడు సెషన్లు చాలు, పదేళ్ళ స్నేహాల్లో చిన్న చిన్న పగుళ్ళు పడటానికి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల వర్గీకరణలో బర్నౌట్‌ను జబ్బుగా లెక్కించలేదు, ఉద్యోగంలో ఎదురయ్యే ఒక స్థితి అంది. ఉద్యోగానికే పరిమితం చేసింది కూడా. కాబట్టి శాస్త్రం ప్రకారం మీది బర్నౌట్ అవునో కాదో అని వాదించుకోవచ్చు. ఆ వాదన పక్కనపెట్టి ఒక్క తేడా మాత్రం చూసుకోండి. ఆట తలుచుకుంటేనే నీరసం వస్తూ, క్రికెట్టుకో సినిమాకో హుషారుగా వెళ్తున్నారా? అయితే ఈ అధ్యాయంలోని చిట్కాలు పనిచేస్తాయి. నిద్ర పట్టక, అన్నం సహించక, ఏ పని మీదా మనసు నిలవక రోజులు గడుస్తుంటే సంగతి ఆటది కాదు. డాక్టరును కలవండి. మన దేశంలో టెలీ మానస్ వాళ్ళ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు.

ఒక్క మనిషి, ఇన్ని ఉద్యోగాలు

జీఎం పనికి పూర్వీకుడు ప్రష్యా సైన్యంలోని అంపైర్. 1824లో రైస్‌విట్జ్ అనే లెఫ్టినెంట్ సైనికాధికారుల శిక్షణ కోసం క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడకు నియమాలు ప్రచురించాడు. రెండు పక్షాలూ తమ ఆదేశాలు కాగితం మీద రాసిస్తాయి. అంపైర్ పట్టికలు చూసి, పాచికలు వేసి, ఏ దళం ఎంత దూరం నడిచింది, ఎంతమంది పోయారు అని లెక్కగట్టి చెప్పాలి. పట్టికలు పెరిగాయి, లెక్కలు పెరిగాయి, ఆట నత్తనడక అయింది. 1870లకు వచ్చేసరికి ఆ సైన్యంలోవాళ్ళే విసుక్కున్నారు. చివరికి 1876లో వెర్డీ ద్యు వెర్నువా అనే అధికారి, అనుభవమున్న అంపైర్ తన విచక్షణతో తీర్పు చెప్తే చాలు, ఈ పట్టికలూ పాచికలూ వద్దన్నాడు. అంపైర్ నెత్తిన బరువు దించాలన్న చర్చ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ కన్నా దాదాపు వందేళ్ళు పాతదన్నమాట.

గైగాక్స్ కథ కూడా అంతే. 1970ల మొదట్లో తన ఇంటి బేస్‌మెంట్‌లో గ్రేహాక్ కోట ఆట మొదలుపెడితే ఆడేవాళ్ళు వారవారం పెరిగిపోయారు. ఆటగాళ్ళలో ఒకడైన రాబ్ కుంట్జ్‌ను తనతో పాటు డంజియన్ మాస్టర్‌ను చేసుకున్నాడు. కుంట్జ్ నడిపే రోజున గైగాక్స్ తన మాంత్రికుడు మోర్డెన్‌కైనెన్ పాత్రతో బల్లకు ఇవతల కూర్చునేవాడు. ఈ ఆటను తయారుచేసినవాడే ఒంటిచేత్తో లాక్కురాలేదు. మీరు లాక్కురావాలని ఎవరన్నారు?

ఇవాళ్టి జీఎం చేసే పనులు చూడండి. కథ ఆలోచించాలి. రూల్‌బుక్కులు కొనాలి, చదవాలి, మిగతా అందరికీ నోటితో చెప్పాలి. మ్యాపులు గీయాలి. ఆన్‌లైన్ ఆటయితే రోల్20లోనో ఫౌండ్రీలోనో గోడలూ లైట్లూ టోకెన్లూ పెట్టాలి. డేట్లు కుదర్చాలి. ఇంట్లో ఆటయితే టీ, బిర్యానీ ఆర్డరు, ఏసీ, కింద పార్కింగ్ కోసం అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో బతిమాలుడు. ఆట జరిగేటప్పుడు పది గొంతులు మార్చాలి. ఆటగాళ్ళిద్దరూ గొడవపడితే తీర్చాలి. గత సెషన్‌లో ఏం జరిగిందో గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇంకెవరికీ గుర్తుండదు.

ఒక పని చెయ్యండి. కిందటి సెషన్‌కు సంబంధించి మీరు చేసిన ప్రతి పనినీ, వాచ్‌మన్‌తో మాట్లాడిందీ వదలకుండా, ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పని ఎదురుగా, అది చేస్తున్నప్పుడు హుషారొచ్చిందా, ఉన్న హుషారు పోయిందా అని గుర్తు పెట్టండి. కష్టమా సులువా అని రాయొద్దు, దానితో మనకు పని లేదు. మ్యాపు గీయడానికి మూడు గంటలు పట్టినా కొందరికి అది పండగ. డేట్లు కుదర్చడం పది నిమిషాల పనే అయినా ప్రాణం తీస్తుంది. ఎవరి కాగితం వాళ్ళది. నా అనుభవంలో ఈ కాగితం రాసినవాళ్ళు చాలామంది కంగుతింటారు. 'ప్రిపరేషన్‌తో చచ్చిపోతున్నా' అని వచ్చినవాళ్ళ కాగితంలో ప్రిపరేషన్ పక్కన హుషారు గుర్తే ఉంటుంది. అసలు తలనొప్పి ఇంకెక్కడో, సాధారణంగా మనుషులతో ఉంటుంది.

ఎవరూ అడగని చాకిరీలో పెద్ద భాగం యూట్యూబు నుంచి వచ్చింది. క్రిటికల్ రోల్ అనే షో 2015లో మొదలైంది. అందులో ఆడేవాళ్ళు వృత్తిరీత్యా డబ్బింగ్ నటులు, నడిపిన మ్యాట్ మెర్సర్ కూడా అంతే. వాళ్ళ వెనక సెట్టు, కెమెరాలు, సిబ్బంది, కంపెనీ ఉన్నాయి. అది చూసి, కొండాపూర్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో సోమవారం స్టాండప్ మీటింగ్ ఉన్న మనిషి ప్రతి సత్రం యజమానికీ ఒక యాస పెట్టాలనుకుంటే గొంతుకే కాదు, మనసుకీ దెబ్బే. అంతటి మెర్సర్ కూడా మూడు క్యాంపెయిన్లు నడిపాక, 2025లో మొదలైన నాలుగోదానికి జీఎం కుర్చీని బ్రెనన్ లీ మల్లిగన్‌కు ఇచ్చి ఆటగాడిగా కూర్చున్నాడు. యూట్యూబు చూసి నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అది నేర్చుకోండి.

యీమిక్‌కు ఏం కావాలి?

ప్రిపరేషనే మీ హుషారు పోగొడుతోందని తేలిందనుకుందాం. అప్పుడు తగ్గించాలి. ఏం తగ్గించాలన్నదే ప్రశ్న. దీనికి 2014 స్టార్టర్ సెట్‌తో వచ్చిన 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' కన్నా మంచి పాఠం లేదు. చాలామంది జీఎంలు మొదట నడిపే కథ అదే కాబట్టి మీరూ నడిపే ఉంటారు.

దారిలో రెండు గుర్రాలు చచ్చి పడుంటాయి, ఒంటినిండా నల్ల ఈకల బాణాలు. పొదల్లోంచి గోబ్లిన్లు దాడి చేస్తాయి. వాటి జాడ పట్టుకుని వెళ్తే ఒక గుహ. గుహకు నాయకుడు క్లార్గ్ అనే బగ్‌బేర్, మోటు మృగం. అతని కింద రెండో స్థానంలో యీమిక్ అనే గోబ్లిన్ ఉంటాడు. యీమిక్ చేతిలో సిల్డర్ అనే బందీ ఉన్నాడు. ఆటగాళ్ళు రాగానే యీమిక్ ఆ బందీని రాతి అంచు దగ్గరకు ఈడ్చి, కత్తి దింపండి లేదంటే తోసేస్తానంటాడు. తర్వాత బేరం మొదలుపెడతాడు: క్లార్గ్‌ను చంపండి, వీణ్ణి వదిలేస్తా. యీమిక్‌కు నాయకుడు కావాలని కోరిక.

ఈ సన్నివేశానికి ఏం తయారుచేసుకోవాలి? అలిసిపోయే జీఎం యీమిక్ చెప్పే మాటలు రాసుకుంటారు. ఆటగాళ్ళు ఒప్పుకుంటే ఏమవుతుంది, ఒప్పుకోకపోతే ఏమవుతుంది, మోసం చేస్తే ఏమవుతుంది అని కొమ్మలు గీస్తారు. గుహకు త్రీడీ మ్యాపు కడతారు. తీరా శనివారం ఆటగాళ్ళు యీమిక్‌ను చూసి "వీణ్ణి మనతో తీసుకెళ్ళిపోదాం, జీతమిద్దాం" అంటారు. ఇలాంటిది అనకుండా ఉండే ఆటగాళ్ళు ఇంకా పుట్టలేదు. రాసుకున్న ఏడు పేజీలూ చెత్తబుట్టకు. వాటితో పాటే జీఎం ఉత్సాహం కూడా.

యీమిక్ గురించి మూడు వాక్యాలు చాలు. వాడికి ఏం కావాలి: నాయకుడి కుర్చీ. వాడి చేతిలో ఏముంది: సిల్డర్. వాడికి దేనికి భయం: క్లార్గ్. ఇప్పుడు ఆటగాళ్ళు జీతమిస్తామంటే మీరు తడుముకోరు. వాడికి డబ్బుకన్నా కుర్చీ ముఖ్యం, కాబట్టి "జీతం సరే, ముందు క్లార్గ్ సంగతి చూడండి" అంటాడు. మాట దానంతటదే వస్తుంది, వాక్యం రాసుకోనక్కర్లేదు. కథనం ముందే రాసిపెట్టుకోకుండా, మనుషుల్నీ వాళ్ళ కోరికల్నీ బల్ల మీద పెడితే ప్రిపరేషన్ మూడో వంతుకు పడిపోతుంది. ఆటగాళ్ళు దారి తప్పడమన్న సమస్య కూడా ఉండదు, దారే లేదు కదా.

మైక్ షియా 2018లో రాసిన 'రిటర్న్ ఆఫ్ ద లేజీ డంజియన్ మాస్టర్' అనే పుస్తకం ఈ పద్ధతిని ఎనిమిది మెట్లుగా చెప్తుంది. పుస్తకం బాగుంటుంది. అందులో నాకు బాగా నచ్చింది రహస్యాల సంగతి: ఆటగాళ్ళకు తెలియాల్సిన పది విషయాలు ఒక్కో వాక్యంలో రాసుకోండి, అవి ఎక్కడ ఎవరి నోట తెలుస్తాయో మాత్రం ముందే తేల్చుకోవద్దు అంటాడు. ఆటగాళ్ళు సత్రానికి వెళ్తే సత్రంలోనే, యీమిక్‌ను పట్టుకెళ్తే యీమిక్ నోటే. ఏదీ వృథా పోదు. కాకపోతే, ఇప్పటికే నీరసపడి ఉన్నవాళ్ళకు ఎనిమిది మెట్లూ ఎక్కువే అంటాను. సెషన్‌ను మొదలుపెట్టే ఒక సంఘటన, ఇద్దరు మనుషుల కోరికలు, ఐదు రహస్యాలు. అరగంట దాటకూడదు. అలారం పెట్టుకుని, మోగగానే నోటుబుక్కు మూసెయ్యండి.

కల్పించే పని కూడా పంచవచ్చు. "ఈ ఊళ్ళో నీకు తెలిసినవాళ్ళు ఎవరున్నారు? పేరేంటి? కిందటిసారి మీరెందుకు పోట్లాడుకున్నారు?" అని ఆటగాడినే అడగండి. మొదటిసారి బిక్కమొహం వేస్తారు. రెండోసారి మిమ్మల్ని మాట్లాడనివ్వరు.

డేట్లు ఎవరు కుదర్చాలి?

ఇక్కడ నేను మొండిగా ఉంటాను: ఆట నడిపే మనిషి డేట్లు కుదర్చకూడదు. ఆట రోజున అందరికన్నా ఎక్కువ పనిచేసే మనిషే వారమంతా "ఎవరెవరు వస్తున్నారు?" అని బతిమాలడంలో ఏదో చిన్నతనం ఉంది. ఆ చిన్నతనం పోగుపడి పోగుపడి కోపమవుతుంది. సగం మంది డల్లాస్‌లో, సగం మంది హైదరాబాద్‌లో ఉండి ఆన్‌లైన్‌లో ఆడే తెలుగువాళ్ళ గ్రూపుల్లో అయితే మరీనూ. వాళ్ళకు శనివారం రాత్రి తొమ్మిదంటే మనకు ఆదివారం పొద్దున్న ఏడున్నర. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పగానే అదే ఎనిమిదిన్నర అవుతుంది, మార్చిలో మళ్ళీ మారుతుంది. ఏటా రెండుసార్లు ఎవరో ఒకరు గంట ముందో గంట వెనకో వచ్చి కూర్చుంటారు. ఈ లెక్క చూసుకోవడానికి జీఎం అవసరం లేదు, క్యాలెండర్ తెరవగలిగిన ఎవరైనా చాలు.

ఒకరికి అప్పజెప్పండి. "అన్నా, ఇకనుంచి డేట్ల సంగతి నువ్వు చూడాలి. నువ్వు చెప్పిన రోజు నేను రెడీగా ఉంటా" అనండి. దానితో పాటు ఒక నియమం: ముగ్గురుంటే ఆట జరుగుతుంది. రానివాళ్ళ పాత్రలు గుర్రాలకు కాపలా ఉంటాయి. ఒక్కరు మానేస్తే ఆటే ఆగిపోతుందనే పద్ధతిలో, రానివాళ్ళకు అపరాధ భావం, వచ్చినవాళ్ళకు చిరాకు, మీకు రెండూ. బెన్ రాబిన్స్ అనే రూపకర్త తన వెస్ట్ మార్చెస్ క్యాంపెయిన్‌లో ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ ఆటకు ఫలానా రోజు అని లేదు. పెద్ద ఆటగాళ్ళ బృందంలో ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే మాట్లాడుకుని ఆయనకు చెప్పేవాళ్ళు. ఆయన అక్కడున్నది మాత్రమే తయారుచేసేవాడు.

రూల్స్ చెప్పే భారం ఇంకొకటి. మన దగ్గర ఐదుగురిలో ఒక్కరి దగ్గరే పుస్తకం ఉంటుంది, ఆ ఒక్కరూ జీఎమ్మే. ఏడాది నుంచి ఆడుతున్న మనిషి కూడా "దాడికి ఏ పాచిక వెయ్యాలి బ్రో?" అని అడుగుతాడు. పుస్తకం ఖరీదన్న సాకు ఇప్పుడు చెల్లదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా విడుదల చేశారు. ఇంగ్లీషులో ఉండటం కొందరికి ఇబ్బందే. వాళ్ళకు ఒకసారి కూర్చోబెట్టి తెలుగులో చెప్పండి, వాళ్ళు తమ పాత్ర వరకు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం లేకుండా వస్తే పక్కవాళ్ళను అడగాలి, మిమ్మల్ని కాదు. గత సెషన్ సారాంశం చెప్పడం, యుద్ధంలో ఎవరి వంతో చూడటం, బిర్యానీ లెక్క, ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కొక్కరికి. ఎవరూ కాదనరు. ఇన్నాళ్ళూ వాళ్ళను ఎవరూ అడగలేదంతే.

పంచలేని బరువు ఒకటుంది. మీ కాగితంలో హుషారు పోగొట్టే పనులన్నీ ఒకే మనిషి చుట్టూ తిరుగుతున్నాయనుకోండి. ప్రతి తీర్పుకూ అడ్డుపడటం, మిగతావాళ్ళను మాట్లాడనివ్వకపోవడం, ఆడవాళ్ళు ఆడుతున్న టేబుల్ దగ్గర వెకిలి మాటలు. అప్పుడు మీకు విశ్రాంతి ఎందుకు? ఆ మనిషితో మాట్లాడాలి. విడిగా, టీ కొట్టు దగ్గరో ఫోన్‌లోనో, నేరుగా. ఆటలో అతని పాత్రకు శిక్షలు వేసి బుద్ధి చెప్పాలనుకునే జీఎంలున్నారు, అది ఎప్పుడూ పనిచెయ్యదు. మాట్లాడాక కూడా మారకపోతే ఆ మనిషి లేకుండా ఆడండి. స్నేహం కొనసాగించండి, కావాలంటే కలిసి సినిమాలకు వెళ్ళండి.

ఆపడం, ముగించడం

ఆపడమూ ముగించడమూ వేరు. రెండూ తప్పు కాదు. తప్పు, రెండూ చెయ్యకుండా నానబెట్టడం. "ఈ వారం కుదరదు", "వచ్చే వారం చూద్దాం" అంటూ మూడు నెలలు లాగితే క్యాంపెయిన్ ఎలాగూ చచ్చిపోతుంది, మీకు ఒక్క రోజు విశ్రాంతి కూడా దొరకదు. ఎందుకంటే ప్రతి శనివారమూ 'ఈ శనివారమేమో' అన్న బరువు ఉంటూనే ఉంటుంది. సెలవు పెట్టాలంటే తారీఖుతో పెట్టాలి. గ్రూపులో ఇలా రాయొచ్చు:

"ఫ్రెండ్స్, నాకు కొంచెం బ్రేక్ కావాలి. ఈ నెలా వచ్చే నెలా నేను నడపను. ఎవరి మీదా కోపం లేదు, ఆట నచ్చకా కాదు. ఆ తర్వాత మొదటి ఆదివారం కాల్ పెడదాం, కొనసాగిద్దామా ముగిద్దామా అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోపు ఎవరైనా ఇంకో ఆట పెడితే నేను ఆడటానికి వస్తా."

కారణాలు ఇంతకన్నా వివరంగా రాయకండి. వివరంగా రాస్తే ఒక్కో కారణానికీ ఒక్కొక్కరు పరిష్కారం చెప్తారు, వాటికి జవాబులివ్వడం కొత్త పని.

చివరి వాక్యం మాత్రం మొహమాటానికి రాసింది కాకూడదు. జీఎంకు అన్నిటికన్నా బాగా పనిచేసే విశ్రాంతి ఆటగాడిగా కూర్చోవడం. ఒక్క పాత్ర, ఒక్క కాగితం, తలుపు అవతల ఏముందో నిజంగా తెలియకపోవడం. కొత్త మనిషికి నడపాలంటే భయమని వెనకాడితే, జీఎం అక్కర్లేని ఆటలున్నాయి. జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో చేసిన 'ఫియాస్కో'లో అత్యాశతో దొంగతనానికి దిగి బోర్లాపడే మనుషుల కథను అందరూ కలిసి ఒక్క సాయంత్రంలో ఆడేస్తారు. ఏవరీ ఆల్డర్ 2013లో చేసిన 'ద క్వయట్ ఇయర్'కు నియమాలు కాక ముఖ్యంగా కావాల్సింది ఒక తెల్లకాగితం, ఇంట్లో ఉండే పేకముక్కలు. ఒక్కో ముక్కా ఒక్కో వారం. తిప్పిన ముక్కను బట్టి ఒక ఊరి కష్టసుఖాలు అందరూ కలిసి కాగితం మీద గీస్తారు. వంతులవారీగా నడపాలనుకుంటే దానికి పాత దారే ఉంది. 1987లో వచ్చిన 'ఆర్స్ మాజికా'ను జీఎం బాధ్యత ఒకరి నుంచి ఒకరికి మారుతూ ఆడేలా తయారుచేశారు.

ఇక ముగించాలనుకుంటే బాగా ముగించండి. ఏడాది ఆడిన క్యాంపెయిన్‌ను వాట్సాప్‌లో "ఇక చాలు" అని ఆపెయ్యడం ఆటగాళ్ళకు అన్యాయం. మీకూ మనసులో ముల్లులా ఉండిపోతుంది. మిగిలిన కథంతా చెప్పక్కర్లేదు. ఒక్కో ఆటగాడినీ ఒకటే అడగండి: "నీ పాత్ర విషయంలో ఏం తేలితే నీకు తృప్తి?" ఒకరికి తమ్ముడు దొరకాలి, ఒకరికి ఆ మోసగాడు రాజు ముందు నిలబడాలి, ఒకరికి డ్రాగన్ కావాలి. ఈ జవాబులతో రెండు సెషన్లు కట్టండి. మధ్యలో మీరు అనుకున్న ఐదు నగరాలు, రెండు యుద్ధాలు, ఆ ప్రాచీన శాపం వదిలెయ్యండి. అవి ఉన్నాయని మీకు తప్ప ఎవరికీ తెలియదు.

మళ్ళీ కూర్చునేటప్పుడు

విశ్రాంతి తర్వాత పాత క్యాంపెయిన్‌తో మొదలుపెట్టొద్దు. ఒక్క సాయంత్రంలో అయిపోయే వన్‌షాట్ పెట్టండి, పాత్రలు ముందే రాసి ఉన్నవి. వీలైతే వేరే ఆట, నియమాలు రెండు పేజీలు దాటనిది. ఇన్నాళ్ళూ మీకు అలవాటైన పని మళ్ళీ చేస్తే చేతులు పాత వేగాన్నే వెతుక్కుంటాయి, కొత్త ఆటలో ఆ గొడవ లేదు. ఇంట్లో వద్దు, బోర్డ్‌గేమ్ కేఫ్‌లో పెట్టుకోండి, టీ ఇచ్చేది వాళ్ళే. కేఫ్ ఖర్చు అందరూ పంచుకోవాలి.

ఇదివరకు వారానికోసారి నాలుగు గంటలు ఆడేవాళ్ళయితే ఇప్పుడు రెండు వారాలకోసారి రెండున్నర గంటలు చాలు. ఆట తగ్గిందని ఫిర్యాదు చేసేవాళ్ళుంటారు, వాళ్ళకు ఖాళీగా ఉన్న శనివారం చూపించి జీఎం కుర్చీ ఇవ్వజూపండి. మొదలుపెట్టే ముందే ఎన్నింటికి ముగిస్తారో చెప్పండి. పదిన్నర అంటే పదిన్నరే. బల్ల అవతల డ్రాగన్ నోరు తెరిచి ఉన్నా, పాచిక గాల్లో ఉన్నా, పుస్తకం మూసి బిల్లు తెమ్మనండి.